పెళ్లిలో చూపించిన అరుంధతిని ఈసారి నిజంగా చూద్దాం: తిరుపతి నుంచి హార్స్‌లీ హిల్స్‌కు జంటగా ఒక నడక, ఒక రాత్రి

పెళ్లినాడు మంటపం బయటికి పిలిచి, పురోహితుడు ఆకాశంలోకి వేలు చూపించి "అదిగో అరుంధతి, కనిపించిందా?" అంటే కనిపించిందనే చెప్పని జంట ఉండదు. అప్పుడు టైము పగలు పదకొండు. పక్కన ఫోటోగ్రాఫర్ "సార్, ఇంకొంచెం పైకి చూడండి" అంటుంటాడు. ఆ బాకీ తీర్చుకోవడానికి మనకు ఏ లడఖ్‌కో పోవాల్సిన పని లేదు. తిరుపతి నుంచి కారులో మూడు, మూడున్నర గంటలు పోతే 1,265 మీటర్ల ఎత్తున హార్స్‌లీ హిల్స్ ఉంది. దారిలోనే తలకోన జలపాతం. పగలు నడక, రాత్రి నక్షత్రాలు, రెండు రోజుల్లో రెండూ అయిపోతాయి.

అయితే చాలా జంటలు ఈ ప్లానును తలకిందులుగా వేస్తాయి. పగలంతా చూడాల్సినవన్నీ చూసి, సాయంత్రానికి కాళ్లు లాగేసి, రాత్రి తొమ్మిదికి గదిలో నిద్రపోతాయి. నక్షత్రాల కోసం వెళ్లేవాళ్లు రాత్రిని ముందు ఖాయం చేసుకోవాలి. ఆ రాత్రికి సరిపడా ఓపిక మిగిలేలా పగటిని కుదించుకోవాలి. ఈ మార్గదర్శి అంతా ఆ లెక్కతోనే రాశాను.

1. ఏ కొండ అన్నది ముందు తేల్చుకోండి

తిరుపతి చుట్టూ కొండలకు కొదవ లేదు, కానీ రాత్రిపూట కూర్చోదగినవి తక్కువ. తిరుమల కొండంతా లైట్లే. నడకదారుల్లో చిరుతల భయం వల్ల వేళల ఆంక్షలూ ఉన్నాయి. తలకోన శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కులో ఉంది. పగటి నడకకు దానికి సాటి లేదు గానీ, చుట్టూ కోన, పైన చెట్ల గొడుగు. అక్కడ ఆకాశం ముక్కలు ముక్కలుగానే కనిపిస్తుంది. పలమనేరు, కుప్పం వైపు చీకటి బాగానే ఉంటుంది, కానీ అది కౌండిన్య అభయారణ్యం ఏనుగులు తిరిగే ప్రాంతం. పొలం గట్టు మీద చాప వేసుకుని పడుకుందామనే ఆలోచన అక్కడ వద్దు.

శేషాచలం అడవిలో ఎక్కడో ఒక చోట టెంటు వేద్దామనే మాట కుర్రాళ్ల నోట తరచూ వింటుంటాను. అనుమతి లేకుండా అడవిలో రాత్రి ఉండడం నేరం. పైగా అది ఎర్రచందనం అడవి. చీకట్లో టార్చి వెలుగు కనిపిస్తే అటవీ సిబ్బంది మిమ్మల్ని నక్షత్రాల కోసం వచ్చిన జంట అనుకోరు.

ఇవన్నీ తీసేస్తే మిగిలేది హార్స్‌లీ హిల్స్. 2022లో జిల్లాలు విడగొట్టే దాకా చిత్తూరు జిల్లాలోనే ఉండేది. మా వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ అది మన జిల్లా అనే చెప్పుకుంటారు. ఊరి వాళ్లకు అది ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగుల పెంపకంలో పెరిగిన మల్లమ్మ అనే పిల్ల కథ అక్కడి గుడికి ఆధారం. కడప జిల్లా కలెక్టరుగా పనిచేసిన డబ్ల్యు.డి. హార్స్‌లీ అక్కడ ఇల్లు కట్టుకోవడంతో ఇంగ్లీషు పేరు వచ్చింది. పైన పర్యాటక శాఖ హరిత రిసార్టు ఉంది. కాపలా ఉన్న ఆవరణలోనే కూర్చుని ఆకాశం చూడొచ్చు. నా దృష్టిలో జంటగా వెళ్లేవాళ్లకు ఆ ఒక్క సౌకర్యం మిగతా అన్నింటికన్నా విలువైనది.

2. గోడ మీద క్యాలెండర్ దించండి

యాప్‌లు తర్వాత. ఇంట్లో వేలాడే తెలుగు క్యాలెండర్‌లో తిథి చూడండి చాలు. బహుళ ద్వాదశి నుంచి శుద్ధ తదియ దాకా వారం రోజులు మీవి. ద్వాదశినాడు చంద్రుడు తెల్లవారుజామున నాలుగు ప్రాంతంలో సన్నటి రేకలా వస్తాడు. తదియనాడు రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతానికే అస్తమిస్తాడు. మధ్యలో రాత్రంతా చీకటే. చంద్రోదయం రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి, ఆ వారంలో శనివారం దొరక్కపోతే ఒకట్రెండు రోజులు ముందుకు జరిగినా నష్టం లేదు. బహుళ దశమినాడు కూడా రాత్రి రెండు దాకా చంద్రుడు రాడు. పౌర్ణమికి మాత్రం వెళ్లకండి. వెన్నెల్లో కొండ ఎంత అందంగా ఉన్నా పాలపుంత ఊసే ఉండదు.

ఇక నెల. మనకు వానలు నైరుతి కన్నా ఈశాన్య రుతుపవనాల్లోనే గట్టిగా పడతాయి. అక్టోబరు, నవంబరు, ఒక్కోసారి డిసెంబరు సగం దాకా మబ్బులూ వాయుగుండాలే. సంక్రాంతి దాటాక ఆకాశం తేటపడుతుంది. జనవరి చివరి నుంచి మార్చి మధ్య వరకు నా ఓటు. డిసెంబరు, జనవరిలో చలి బాగుంటుంది కానీ తెల్లవారుజామున మంచు కమ్మేస్తుంది. ఏప్రిల్, మేలో పాలపుంత నడిబొడ్డు చక్కగా కనిపిస్తుంది, కాకపోతే తలకోన నడక ఎండకు తట్టుకోలేరు. సాయంత్రం ఉరుముల మబ్బులు కూడా లేస్తుంటాయి.

ఉల్కలు కావాలంటే డిసెంబరు 13, 14 రాత్రులు. మిథున రాశి వైపు నుంచి వచ్చే జెమినిడ్స్ వాన అప్పుడే ఉద్ధృతంగా ఉంటుంది. ఆ ఏడాది ఆ తేదీల్లో చంద్రుడు ఎక్కడున్నాడో క్యాలెండర్‌లో చూసుకుని నిర్ణయించుకోండి.

శివరాత్రి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మాఘ బహుళ చతుర్దశి కాబట్టి రాత్రంతా చీకటి, ఆకాశం తేట, ఎలాగూ జాగారం. నక్షత్రాలకు అంతకన్నా మంచి రాత్రి లేదు. కానీ ఆ రోజు తలకోన సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గర ఇసకేస్తే రాలనంత జనం. శివరాత్రికి వెళ్తే తలకోన మానేసి నేరుగా కొండెక్కండి.

3. గది, కాగితాలు, ఒక ఫోను

తిథి తేలాక గది బుక్ చేయండి. కొండ మీద బసలు కొన్నే ఉన్నాయి, పైగా శని ఆదివారాలు బెంగళూరు వాళ్లతో నిండిపోతాయి. వీలైతే ఆదివారం రాత్రి ఉండి సోమవారం దిగండి. జనం తగ్గుతారు, పాటల గోల తగ్గుతుంది, లైట్లూ తగ్గుతాయి. ఇద్దరి ఆధార్ కార్డులు పెట్టుకోండి.

బుక్ చేసేటప్పుడు ఫోన్ చేసి రెండు విషయాలు అడగండి. చీకటి పడ్డాక ఆవరణలో ఎంతవరకు తిరగనిస్తారు? ఆరుబయట లైటు వెయ్యని చోటు ఏదైనా ఉందా? ఉత్తరం, దక్షిణం రెండు వైపులా చెట్లు అడ్డం రాని చోటు దొరికితే అదృష్టం. మదనపల్లె కొండకు ఆగ్నేయంగా ఉంటుంది కాబట్టి ఆ మూల దిగంతం మీద పట్నం వెలుగు కనిపిస్తుంది. తూర్పు, ఉత్తరం వైపు అంత ఇబ్బంది లేదు.

తలకోనలో జలపాతం దాకా ఎవరైనా టికెట్ కొని వెళ్లొచ్చు. అంతకు మించి అడవిలోకి నడవాలంటే అటవీ శాఖ అనుమతి, వాళ్లు పంపే స్థానిక గైడు ఉండాల్సిందే. నెరబైలు, చుట్టుపక్కల ఊళ్ల కుర్రాళ్లే గైడులుగా వస్తారు. వాళ్లతో నడిస్తే కళ్లు తెరుచుకుంటాయి. మన కళ్లకు పుట్టలా కనిపించేది వాళ్లకు నిన్న రాత్రి ఎలుగుబంటి తవ్విన చెదపుట్ట.

4. ముందు వారం శ్రీవారి మెట్టు

నడక అలవాటు లేకపోతే వారం ముందు ఒక ఉదయం శ్రీనివాస మంగాపురం దగ్గర శ్రీవారి మెట్టు ఎక్కి చూడండి. 2,388 మెట్లు, సుమారు రెండు కిలోమీటర్లు. దర్శనం పుణ్యం ఎలాగూ ఉంది, మీ ఇద్దరి నడక తీరు కూడా తెలుస్తుంది. గంటన్నరలో మరీ ఆయాసపడకుండా ఎక్కితే తలకోన మీకు లెక్క కాదు. ఎవరు ముందు పరిగెత్తుతారు, ఎవరు ప్రతి యాభై మెట్లకూ కూర్చుంటారు అన్నది అక్కడే తేలిపోవాలి. అడవిలో నెమ్మదిగా నడిచేవాళ్లే ముందుండాలి, వేగంగా నడిచేవాళ్లు వెనక. ఈ ఒక్క నియమం పాటిస్తే దారిలో అలకలు సగం తగ్గుతాయి.

బ్యాగులో ఏముండాలి? పగటికి: పట్టు ఉన్న బూట్లు (చెప్పులతో వస్తే తలకోన బండల మీద జారుడే), తలకు టోపీ, మనిషికి రెండు లీటర్ల నీళ్లు, కట్టు గుడ్డ, ఓఆర్ఎస్ పొట్లాలు. రాత్రికి: మందపాటి దుప్పట్లు రెండు, చాప, మంకీ క్యాప్, సాక్సులు, ఫ్లాస్కు. తిరుపతి వేడికి అలవాటుపడ్డ ఒంటికి ఆ కొండ గాలి ఊహించినదానికన్నా గట్టిగానే కొడుతుంది. స్వెట్టర్ ఎందుకులే అనుకోవద్దు.

టార్చికి ఎర్ర రంగు గాజు కాగితం రెండు మూడు మడతలు చుట్టి రబ్బరు బ్యాండు వేయండి. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. తెల్లటి వెలుగు ఒక్కసారి పడితే మళ్లీ మొదటికి వస్తుంది. ఎర్ర వెలుగు ఆ అలవాటును అంతగా చెడగొట్టదు. బైనాక్యులర్ ఉంటే 7×50 గానీ 10×50 గానీ (మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో, రెండోది ముందు గాజు వెడల్పు మిల్లీమీటర్లలో). టెలిస్కోపు కొనే తొందరలో ఉన్నవాళ్లకు నా సలహా, ముందు ఒక ఏడాది బైనాక్యులర్‌తో గడపండి. ఫోన్‌లో ఆకాశ పటం చూపించే స్టెల్లేరియం యాప్ దించుకుని, దాని రాత్రి రంగును ఎరుపులో పెట్టండి.

5. మొదటి రోజు ఉదయం: తలకోన

ఉదయం ఆరుకల్లా తిరుపతి దాటండి. చంద్రగిరి, రంగంపేట మీదుగా భాకరాపేట ఘాటు. మలుపులు గట్టివి, లారీలు ఎక్కువ. పాటలు ఆపి, కిందికి దిగేటప్పుడు గేరు తగ్గించి నడపండి. భాకరాపేట దాటి ఎర్రావారిపాళెం వైపు తిరిగితే నెరబైలు, అక్కడి నుంచి తలకోన. తిరుపతి నుంచి మొత్తం యాభై కిలోమీటర్ల పైన. టిఫిను ఇంటి నుంచే తెచ్చుకోవడం మేలు. పొద్దున్నే అక్కడ ఏ కొట్టు తీస్తారో, ఏది తియ్యరో చెప్పలేం.

గుడి దగ్గర కారు ఆపి నడక మొదలుపెట్టండి. జలపాతం ఎత్తు 270 అడుగులు, అంటే సుమారు 82 మీటర్లు. ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికన్నా ఎత్తైనది. ఫిబ్రవరిలో ధార సన్నబడుతుంది, అయినా దాని కిందికి వెళ్లి తలెత్తి చూస్తే మెడ నొప్పి పుడుతుంది. దారి పొడుగునా మనిషి నడుమంత లావు తీగలు చెట్టు నుంచి చెట్టుకు పాకి ఉంటాయి. వాటిని గిల్లతీగలంటారు. మూరెడు పైన పొడుగుండే కాయలు, లోపల అరచేతిలో పట్టేంత గట్టి గింజలు. రాలి కనిపించినా జేబులో వేసుకోకండి, జాతీయ పార్కు నుంచి ఏదీ తీసుకుపోకూడదు.

ఇక్కడ జాగ్రత్తలు రెండే, కానీ రెండూ గట్టివి. మొదటిది నీళ్లు. జలపాతం కింద బండల మీద పాచి కంటికి ఆనదు, కాలు పెట్టాకే తెలుస్తుంది. ఈత వచ్చినా గుంటల్లోకి దిగకండి. సెల్ఫీ కోసం తడి బండ అంచుకు ఒకరు పోతే రెండోవాళ్లు గట్టిగా కసురుకోవాలి, మొహమాటం వద్దు. రెండోది కోతులు. చేతిలో కవరు గరగరలాడితే చాలు, ఎక్కడి నుంచి దూకుతాయో తెలియదు. తిండి బ్యాగు లోపలే ఉండాలి, బ్యాగు వీపు మీదే ఉండాలి.

జలపాతం చూశాక ఇంకా ఓపిక ఉంటే గైడుతో పై దారిలో గంటా గంటన్నర నడవండి. అక్కడితో ఆపేయండి. పన్నెండుకల్లా కారు దగ్గర ఉండాలి. "ఇంకొంచెం పైకి పోదాం" అనే మాట అక్కడ ప్రతి జంటలో ఒకరు అంటారు. రాత్రి మూడింటికి లేవాల్సింది కూడా ఆ మనిషే అని గుర్తు చేయండి.

6. కొండెక్కి, ముందు పడుకోండి

తలకోన నుంచి పీలేరు, కలికిరి, వాయల్పాడు మీదుగా మదనపల్లె. పీలేరులోనో మదనపల్లెలోనో భోజనం. రాగి సంగటి, నాటుకోడి పులుసు, ఊరుబిండి దొరికే చోటు చూసుకోండి, కానీ సగం కడుపుకే. కడుపునిండా సంగటి తిన్న మనిషిని రాత్రి లేపడం ఎవరి తరమూ కాదు. మదనపల్లెలో పెట్రోలు పోయించుకుని, బొరుగులు, వేయించిన చెనిక్కాయలు, రెండు నీళ్ల డబ్బాలు కొనుక్కోండి. అక్కడి నుంచి కదిరి దారిలో అంగళ్లు దాటాక కొండకు తిరగాలి. మదనపల్లె నుంచి పైదాకా సుమారు 30 కిలోమీటర్లు. కారు లేనివాళ్లకు మదనపల్లె నుంచి ఆర్టీసీ బస్సులున్నాయి, అయితే తలకోనను ఇంకో రోజుకు వాయిదా వేసుకోవాలి.

నాలుగున్నర, ఐదుకు పైకి చేరతారు. సామాన్లు గదిలో పడేసి గాలిబండకు నడవండి. కొండ అంచున ఏటవాలుగా దిగే పెద్ద నల్లబండ అది. పేరుకు తగ్గట్టే గాలి. చున్నీ గానీ కండువా గానీ భుజాన ఊరికే వేసుకుంటే లోయలోకి పోయినట్టే, నడుముకు కట్టుకోండి. బండ మొదట్లో వాలు తెలియదు, కిందికి పోయే కొద్దీ నిటారవుతుంది. కంచె దాటి ఒక్క అడుగు కూడా వెయ్యకండి. సూర్యాస్తమయం అక్కడే చూసి, దిగంతంలో మబ్బుందో లేదో గమనించండి. పడమర తేటగా ఉండి, సూర్యుడు ఎర్రగా అస్తమిస్తే రాత్రికి ఆశ ఉన్నట్టే.

అక్కడ ఒక టీకొట్టాయన మా దుప్పట్లు, బైనాక్యులర్ చూసి, "ఏం సామీ, నక్షత్రాలు చూసేదానికి ఇంత దూరం వచ్చినారా? మా మిద్దె మీద దినామూ ఉంటాయి కదా!" అన్నాడు. నిజమే. టీ తాగినంతసేపూ ఆయన మాట్లాడిన ఆకాశం మనకు పుస్తకాల్లో దొరకదు. కృత్తికలు ఆయనకు పిల్లలకోడి, వేటగాడి ఆకారంలో ఉండే ఓరియన్ రాశి నడుములో వరుసగా ఉండే మూడు చుక్కలు గొల్లకావిడి.

చీకటి పడ్డాక ఆవరణ దాటి నడవకండి. ఎలుగుబంట్లు తిరిగే కొండ అది. ఆవరణలో నడిచినా మాట్లాడుకుంటూ, టార్చి నేల మీద వేస్తూ, బూట్లతో నడవండి. ఎలుగు మనిషిని వెతుక్కుంటూ రాదు, ఉన్నట్టుండి ఎదురుపడితేనే ప్రమాదం. పగలు వేడెక్కిన బండల దగ్గర పాములూ ఉంటాయి. చలిమంట అసలే వద్దు. ఫిబ్రవరికి గడ్డి ఎండి ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు.

7. రాత్రి: గంటల వారీగా

ఇక్కడ ఇచ్చిన వేళలు ఫిబ్రవరి మధ్యకు సరిపోతాయి. నెల రోజులు ముందు వెళ్తే ప్రతిదానికీ రెండు గంటలు కలుపుకోండి, నెల తర్వాత వెళ్తే రెండు గంటలు తగ్గించుకోండి.

ఏడున్నర. పూర్తిగా చీకటి. చాప పరిచి, తల ఉత్తరానికి కాకుండా పడమటికి పెట్టి పడుకోండి (పెద్దవాళ్ల మాట ఎలాగూ నిలుస్తుంది, తూర్పు నుంచి లేచేవన్నీ ఎదురుగానే కనిపిస్తాయి). మొదటి ఇరవై నిమిషాలు ఫోను ముట్టొద్దు. నడినెత్తికి దగ్గరగా గొల్లకావిడి. దానికి ఒక పక్క ఎర్రగా ఆర్ద్ర, ఇంకో పక్క నీలంగా రీజెల్. రంగుల తేడా కంటికే తెలుస్తుంది, ఆర్ద్ర చల్లబడ్డ రాక్షసతార, రీజెల్ మండిపోతున్న వేడితార. గొల్లకావిడి కింద వేలాడే మసక మచ్చ మీద బైనాక్యులర్ పెట్టండి. అది ఓరియన్ నెబ్యులా. సుమారు 1,350 కాంతి సంవత్సరాల దూరంలో కొత్త నక్షత్రాలు పుడుతున్న పొగమేఘం.

గొల్లకావిడి గీతను పడమటికి పొడిగిస్తే ఎర్రటి రోహిణి, ఇంకొంచెం పోతే పిల్లలకోడి. ఎన్ని పిల్లలున్నాయో ఇద్దరూ విడివిడిగా లెక్కపెట్టి, తర్వాత చెప్పుకోండి. మామూలు కంటికి ఆరు, చూపు పదునైతే ఏడెనిమిది. బైనాక్యులర్‌లో డజన్లకొద్దీ. అదే గీతను తూర్పు దక్షిణంగా పొడిగిస్తే లుబ్ధకుడు, అంటే సిరియస్. ఆకాశంలో అన్నింటికన్నా కాంతివంతమైన నక్షత్రం, 8.6 కాంతి సంవత్సరాల దూరమే. దాని కింద దక్షిణాన ఒంటరిగా మెరిసేది అగస్త్యుడు. కాంతిలో రెండో స్థానం. ఉత్తరాది వాళ్లకు దిగంతాన్ని ఆనుకుని ఉంటుంది. మనకు పావు తక్కువ తొమ్మిదికి దక్షిణాన 23 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. చెయ్యి చాపి పిడికిలి బిగిస్తే వెడల్పు సుమారు 10 డిగ్రీలు. రెండు పిడికిళ్ల పైన చూడండి.

తొమ్మిదిన్నరకు భోజనం తేలిగ్గా. గదికి వెళ్లక తప్పదంటే లైటు వేసేటప్పుడు ఒక కన్ను మూసుకోండి, ఆ కంటికి చీకటి అలవాటు నిలుస్తుంది.

పదకొండు. ఈ ప్రయాణం అంతా దీనికోసమే. ఈశాన్యం వైపు తిరగండి. గరిటె ఆకారంలో ఉండే ఏడు నక్షత్రాలు, సప్తర్షులు, నిటారుగా లేచి ఉంటారు, గిన్నె భాగం పైన, పిడి కింద. మన సంప్రదాయంలోనే దీనికి ఒక పద్ధతి ఉంది, స్థూలారుంధతీ న్యాయం. చిన్నదాన్ని నేరుగా చూపించకుండా, ముందు పక్కనున్న పెద్దదాన్ని చూపించి, అక్కడి నుంచి చూపును జరపాలి. అలాగే చేద్దాం. పిడిలో మూడు నక్షత్రాలు. గిన్నె పక్కది అంగిరసుడు, చివరిది మరీచి, మధ్యలోది వశిష్ఠుడు. వశిష్ఠుడి మీద చూపు నిలిపి, రెప్ప వేసి, మళ్లీ చూడండి. ఆనుకుని ఒక చిన్న చుక్క. అదే అరుంధతి.

ఇద్దరి మధ్య దూరం 12 నిమిషాల కోణం (డిగ్రీలో ఐదో వంతు), పౌర్ణమి చంద్రుడి వెడల్పులో సగం కూడా లేదు. అందుకే పూర్వం దాన్ని చూపు పరీక్షగా వాడేవారు. వెంటనే కనిపించకపోతే సూటిగా కాకుండా కాస్త పక్కకు చూడండి. కంటిలో మసక వెలుగును పట్టే కణాలు మధ్యలో కన్నా చుట్టూ ఎక్కువ, కాబట్టి క్రీగంటి చూపుకు మసక తారలు బాగా అందుతాయి. కళ్లజోడు ఉన్నవాళ్లు తీయకండి. ఒకరికి కనిపించి ఇంకొకరికి కనిపించకపోతే బైనాక్యులర్ ఇవ్వండి, "ఇంకా కనపడలేదా?" అని గుచ్చకండి. పెళ్లినాడు అబద్ధం చెప్పించింది ఆ ప్రశ్నే.

ఇద్దరూ మనకు సుమారు 80 కాంతి సంవత్సరాల దూరం. టెలిస్కోపులో చూస్తే వశిష్ఠుడే రెండుగా విడిపోతాడు. ఆ రెండింటిలో ఒక్కోటీ మళ్లీ జంట. అరుంధతికీ ఒక చిన్న తోడు ఉన్నట్టు ఖగోళ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. మొత్తం ఆరు నక్షత్రాల కుటుంబం, ఉమ్మడి కాపురమే.

గిన్నె అంచున పులహుడి నుంచి క్రతువు మీదుగా ఐదింతలు గీత పొడిగిస్తే ధ్రువుడు. మన అక్షాంశం 13 డిగ్రీల పైచిలుకు కాబట్టి ధ్రువుడు దిగంతం నుంచి అంత ఎత్తులోనే, పిడికిలిన్నర లోపు ఉంటాడు. ఉత్తరాన చెట్లుంటే దొరకడు. దొరకలేదని దిగులొద్దు, చూడ్డానికి అంత గొప్ప కాంతి ఏమీ లేదు.

ఇప్పుడు పడుకోండి. అలారం మూడింటికి, ఇద్దరి ఫోన్లలోనూ.

మూడు. దక్షిణాన రెండు పిడికిళ్ల లోపు ఎత్తులో నాలుగు నక్షత్రాల త్రిశంకు, అంటే సదరన్ క్రాస్. ఢిల్లీ వాళ్లకు దాదాపు దక్కనిది మనకు తీరుబడిగా కనిపిస్తుంది. దాని ఎడమన రెండు మెరుపులు, ఆల్ఫా, బీటా సెంటారీ. నాలుగు ప్రాంతంలో త్రిశంకుకు ఎడమ పైన బైనాక్యులర్‌తో వెతికితే ఒక నూలుండ లాంటి మసక, ఒమేగా సెంటారీ. లక్షల నక్షత్రాల గుంపు అది.

ఐదు. ఆగ్నేయంలో వృశ్చికం, గుండెలో ఎర్రటి జ్యేష్ఠ, తోకలో మూల. తోక పక్కనుంచి పాలపుంత నడిబొడ్డు లేచి ఉంటుంది. మదనపల్లె వెలుగు ఈ మూలనే కాబట్టి కింది భాగం కాస్త పలచబడుతుంది, పై భాగం బాగుంటుంది. ఐదున్నర దాటితే తూర్పు తెల్లవారుతుంది. మూడింటికి లేవలేకపోతే కనీసం నాలుగున్నరకు లేవండి, త్రిశంకు పడమటికి వాలి ఇంకా ఉంటుంది.

8. ఫోటోలు, క్లుప్తంగా

ఫోన్ నైట్ మోడ్‌లో, చిన్న స్టాండు మీద, మూడు సెకన్ల టైమరు పెట్టి తీయండి. చేతితో పట్టుకుంటే గీతలే వస్తాయి. కెమెరా ఉంటే 500ను లెన్సు ఫోకల్ లెంగ్తుతో భాగిస్తే వచ్చినన్ని సెకన్లే షట్టరు తెరవాలి, 20 ఎం.ఎం. లెన్సుకు 25 సెకన్లు. అంతకు మించితే చుక్కలు సాగుతాయి. పది ఫోటోలు చాలు. ఒకరు కెమెరాతో కుస్తీ పడుతుంటే రెండోవాళ్లు చలిలో దుప్పటి కప్పుకుని ఎదురుచూడ్డమే మిగులుతుంది.

9. మబ్బు పట్టినా, తెల్లారాకా

ముందురోజు వాతావరణ శాఖ ఉపగ్రహ చిత్రం చూడండి. దక్షిణ కోస్తాకు ఆనుకుని అల్పపీడనం ఉంటే గది వాయిదా వేయడమే తెలివి. పైకి వచ్చాక మబ్బు కమ్మితే రాత్రంతా కూర్చోనక్కర్లేదు, గంటకోసారి తలుపు తీసి చూడండి. వాన పడి వెలిసిన రాత్రి దుమ్మంతా కడుక్కుపోయి ఆకాశం అన్నిటికన్నా తేటగా ఉంటుంది.

తెల్లారాక ఎనిమిది దాకా పడుకోండి. బాగా నిద్రపోయిన మనిషే స్టీరింగ్ పట్టాలి. ఇద్దరూ నిద్రలేమితో ఉంటే మధ్యాహ్నం దాకా కొండ మీదే ఉండి, 1859లో నాటిన కల్యాణి అనే యూకలిప్టస్ చెట్టును, మల్లమ్మ గుడిని చూసి నిదానంగా దిగండి. మదనపల్లెలో టమాటా లారీల వరుస తగులుతుంది. ధర పడిపోయిన రోజుల్లో పెట్టె చవగ్గా వస్తుంది కానీ, భాకరాపేట ఘాటు కుదుపులకు డిక్కీలో చారు కాచుకున్నట్టే. రెండు కిలోలతో సరిపెట్టుకోండి.

ఈ రాత్రి రుచి మరిగినవాళ్లకు తర్వాతి మజిలీ కావలూరు. చిత్తూరు నుంచి వేలూరు, వాణియంబాడి, ఆలంగాయం మీదుగా జవ్వాది కొండల్లో వైను బప్పు వేధశాల ఉంది. అక్కడి 2.3 మీటర్ల టెలిస్కోపు 1986లో మొదలైంది. అది తమిళనాడులో ఉన్నా చిత్తూరు వాళ్లకు ఒక పూట ప్రయాణమే. అది పరిశోధన సంస్థ కాబట్టి ఎప్పుడు పడితే అప్పుడు రానివ్వరు. బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక శాస్త్ర సంస్థ వెబ్‌సైటులో సందర్శకుల రోజులు, వేళలు చూసుకుని బయల్దేరండి. మబ్బు పడితే టెలిస్కోపు చూపించరు కాబట్టి దీనికి కూడా జనవరి నుంచి మార్చి లోపే అమావాస్య దగ్గరి రోజు ఎంచుకోండి.